నిండు పీపాకు కుళాయి పెట్టడం ఎట్లా?

పిల్లలూ,

ఈ నెల ముందుగా మీకొక చిక్కు ప్రశ్న. ఒక పెద్ద కొయ్య పీపా ఉన్నది. దాని నిండా పానీయం ఉన్నది. ముందు వైపున, అడుగుకు దగ్గరగా ఒక రంధ్రం. ఆ రంధ్రానికి ఒక బిరడా. మీ చేతిలో ఒక కుళాయి ఉన్నది. బిరడా ఉన్న చోట కుళాయి పెట్టాలి. పీపాను కదిలించరాదు. ఒక్క చుక్క కింద పడరాదు. ఎట్లా పెడతారు?

"బిరడా లాగి, గభాలున కుళాయి దూరుస్తాం" అంటారు మీరు. నేనూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నాను. అనుకోవడమే కాదు, అటువంటి పని చేసి చూచాను కూడా. ఏమయిందో చెపుతాను, వినండి.

2004లో నేనొక హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడుగా ఉన్నాను. ఆ బడి బావి నీళ్ళు ఉప్పన. మంచినీళ్ళు మైలున్నర దూరాన్నుంచి బండిమీద రావాలి. పిల్లలు మట్టి చేతులతో గ్లాసులు ముంచి నీళ్ళు పాడు చేస్తున్నారని, రెండు వందల లీటర్లు పట్టే ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొన్నాను. దానికి అడుగున కుళాయి, పైన రబ్బరు పట్టీ ఉన్న మూత. దుమ్ము పడకుండా ఆ మూతను నా చేతులతో నేనే గట్టిగా బిగించాను.

జనవరి 26న జెండా వందనం అయింది. ఆటల పోటీలు మొదలైనవి. పదకొండు గంటలకల్లా పిల్లలందరూ చెమటలు కారుతూ వచ్చి, గ్లాసులు పట్టుకొని డ్రమ్ము ముందు వరుసగా నిలబడ్డారు. కుళాయి తిప్పితే మొదట నీళ్ళు బాగానే వచ్చినవి. తరువాత సన్నటి దారం అయింది. ఆ తరువాత చుక్కలు. చివరకు చుక్కలు కూడా ఆగిపోయినవి. డ్రమ్ము మాత్రం దాదాపు నిండుగానే ఉన్నది!

"కుళాయిలో ఏదో అడ్డుపడి ఉంటుంది. విప్పి చూడు" అని అటెండరుతో అన్నాను.

వరుసలో నిలబడ్డ ఏడో తరగతి అమ్మాయి ఒకతె, "మాస్టారూ, పైన మూత కాస్త వదులు చెయ్యండి. నీళ్ళు వస్తాయి" అన్నది.

"కుళాయి కింద ఉంటే మూత గొడవ నీకెందుకమ్మా? వరుసలో నిలబడు" అన్నాను నేను.

అటెండరు పానా పెట్టి కుళాయి విప్పాడు. ఇక చూడండి! ఆ రంధ్రంలోనుంచి డ్రమ్ము బుడుగు బుడుగున గాలి మింగుతూ, గుటకలు గుటకలుగా నీళ్ళు కక్కసాగింది. అటెండరు అరచేయి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు చిమ్మినవి. నేను నా కండువా కుక్కాను, అది జారిపోయింది. కుళాయి మళ్ళీ బిగిద్దామంటే, ఎదురు వచ్చే నీటి ధాటికి మర పట్టదు. పిల్లలు గ్లాసులు పట్టుకొని చూస్తూనే ఉన్నారు. మేము తంటాలు పడి రంధ్రం మూసేసరికి డ్రమ్ములో పావు వంతు కూడా మిగలలేదు.

బండి మళ్ళీ వెళ్ళి వచ్చేసరికి గంటకు పైగా పట్టింది. ఈలోగా ఆరో తరగతి పిల్లవాడొకడు ఎండలో కళ్ళు తిరిగి కూలబడ్డాడు. పక్క ఇంటివారు కొబ్బరి నీళ్ళు ఇచ్చి వాణ్ణి తేర్చారు. వాడికేమీ కాలేదు. కాని ఆ గంటసేపు నేను తల ఎత్తలేకపోయాను. తప్పు కుళాయిది కాదు, డ్రమ్ముది కాదు. నాది.

సాయంకాలం ఆ అమ్మాయిని పిలిచి, "నీకెట్లా తెలిసిందమ్మా?" అని అడిగాను. ఆమె తండ్రికి కిరాణా కొట్టు ఉన్నది. "నూనె డబ్బాకు ఒక మూల బొక్క పెడితే నూనె గుటకలు గుటకలుగా వస్తుందండీ. ఎదుటి మూల ఇంకొకటి పెడితే తిన్నగా ధార కడుతుంది. మా నాన్న ఎప్పుడూ రెండు బొక్కలు పెడతాడు" అన్నది.

చూచారా! అప్పటికి ఇరవై ఏళ్ళుగా నేను గాలి ఒత్తిడి పాఠం చెపుతున్నాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి, అట్టముక్క పెట్టి, బోర్లించి, "గాలి ఎట్లా మోస్తున్నదో చూడండి" అని ప్రతి ఏడూ చూపించాను. ఆ గ్లాసు పెద్దదై డ్రమ్ము రూపంలో నా ముందుకు వస్తే గుర్తు పట్టలేకపోయాను. పాఠం నా నోట్లో ఉన్నది. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది.

మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు ఉంచినంత గట్టిగా నొక్కుతూ ఉంటుంది. మూత బిగించిన డ్రమ్ములోనుంచి కొన్ని నీళ్ళు బయటికి పోగానే, పైన మిగిలిన గాలికి చోటు ఎక్కువై అది పలచబడుతుంది. పలచబడ్డ గాలి నీటిని కిందికి తొయ్యలేదు. బయటి గాలి మాత్రం కుళాయి మూతి దగ్గర ఎప్పటిలాగానే గట్టిగా తోస్తూ నీటిని ఆపేస్తుంది. పైన చిన్న సందు ఇస్తే చాలు. గాలి లోపలికి వస్తుంది, నీరు బయటికి పోతుంది. ఒకరు లోపలికి వస్తేగాని ఇంకొకరు బయటికి పోరు, అంతే ఒప్పందం.

మరి ఆనాటి రెండో చిక్కు మాటేమిటి? నిండుగా ఉన్న పాత్రకు కుళాయి బిగించడం ఎట్లా? దీనికి జవాబు నాకు చాలాకాలం తరువాత, ఇంగ్లండులో బీరు పీపాలను గురించి చదువుతున్నప్పుడు దొరికింది. బీరు అంటే మొలకెత్తించిన బార్లీ గింజలతో పులియబెట్టి చేసే మత్తు పానీయం. దానితో మీకూ నాకూ పని లేదు. కాని దాని పీపాకు పెట్టే బిరడా ఉన్నదే, అది మాత్రం చూడవలసిన వస్తువు.

ఆ పీపాలను పూర్వం ఓకు చెక్క బద్దలతో కట్టేవారు. బద్దలను వంచి, పక్క పక్కన పేర్చి, ఇనుప పట్టీలతో బిగించేవారు. మధ్య పొట్ట ఉబ్బి ఉంటుంది. రెండు కొసలా బల్లపరుపు ముఖాలు ఉంటవి. చిన్న పీపాను ఫిర్కిన్ అంటారు. దానిలో 9 గ్యాలన్లు, అంటే సుమారు 41 లీటర్లు పడుతుంది. దానికి రెండింతలది కిల్డర్కిన్. దానికీ రెండింతలది బ్యారెల్. 36 గ్యాలన్లు, సుమారు 164 లీటర్లు. ఈనాడు ఎక్కువగా లోహపు పీపాలే వాడుతున్నారు. కాని ఆకారం అదే, రంధ్రాలూ అవే.

రంధ్రాలు రెండు. ఒకటి పొట్టమీద, పెద్దది. పానీయం పోసేది దానిలోనుంచే. దానిని మూసే బిళ్ళను షైవ్ అంటారు. రెండోది ముఖం మీద, అంచుకు దగ్గరగా, చిన్నది. దానిని మూసే బిరడా పేరు కీస్టోన్. పీపాను నేలమాళిగలో పక్కకు పడుకోబెట్టి, అటూ ఇటూ దొర్లకుండా ఆపు పెడతారు. అప్పుడు పెద్ద రంధ్రం నడినెత్తికి వస్తుంది. చిన్నది ముందు వైపు కిందికి వస్తుంది. లోపలి మడ్డి మెల్లగా దిగి పొట్ట అడుగున చేరుతుంది. ఇక పీపాను కదిలించరాదు. కదిలిస్తే మడ్డి లేస్తుంది. నేను మొదట "కదిలించరాదు" అన్నది అందుకే.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇడ్లీ పిండి రుబ్బి పెడితే తెల్లవారేసరికి పొంగుతుంది గదా! పులిసేటప్పుడు పుట్టిన వాయువు పిండిని పైకి లేపుతుంది. పీపాలోనూ అంతే. అందులోని ఈస్టు అనే సూక్ష్మజీవి ఇంకా చక్కెరను తింటూ బొగ్గుపులుసు వాయువును, అంటే మీ పుస్తకాలలోని కార్బన్ డయాక్సైడును, విడుస్తూనే ఉంటుంది. పిండి గిన్నెకు మూత వదులు. పీపాకో, గట్టి బిరడాలు. వాయువు ఎక్కడికి పోతుంది? లోపలే చేరి బిరడాలను బయటికి తోస్తుంది.

ఎంత గట్టిగా తోస్తుంది? చిన్న లెక్క వేద్దాం. లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఎక్కువ అనుకోండి. రంధ్రం అడ్డుకొలత 2 సెంటీమీటర్లయితే, దాని వైశాల్యం సుమారు 3 చదరపు సెంటీమీటర్లు. బిరడాను 3 కిలోల బలం తోస్తుంది. అడ్డుకొలత 5 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 20. అప్పుడు తోసే బలం 20 కిలోలు! అడ్డుకొలత రెండున్నర రెట్లు పెరిగితే, బలం ఆరు రెట్లకు పైగా పెరిగింది. రంధ్రం చేసేవాడు ఈ లెక్క మరవరాదు.

ఇప్పుడు మీరే వడ్రంగులనుకోండి. ఆ కింది బిరడాను తయారు చేయాలి. దానికి ఉండవలసిన గుణాలేమిటి? వారాల తరబడి లోపలి ఒత్తిడికి లొంగకూడదు. కాని కుళాయి పెట్టేవాడి సుత్తి దెబ్బకు వెంటనే లొంగాలి. గట్టిగా ఉండాలి, మెత్తగానూ ఉండాలి! ఇదేమి విడ్డూరం?

ఇటువంటి బిరడాను మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. కొబ్బరికాయను తీసుకోండి. పీచు వలిస్తే మూడు కళ్ళు కనిపిస్తవి. చిప్ప ఎంత గట్టి! అయినా ఆ మూడు కళ్ళలో ఒకటి మాత్రం మెత్తన. పుల్లతో పొడిస్తే చటుక్కున దిగుతుంది. లోపలి మొలక బయటికి వచ్చేది ఆ కంటిలోనుంచే. అంతా గట్టిగా ఉండి ఒక్క చోట పలచగా ఉంటే, ఆ ఒక్క చోటే దారి ఇస్తుంది. తెగవలసిన చోటు ఏదో ముందే నిర్ణయించి పెట్టడమన్నమాట.

కీస్టోన్ రహస్యం అదే. అది పీపా ముఖంలో బిగించిన కొయ్య బిళ్ళ. దాని నడుమ గుండ్రంగా గాడి కోసి ఉంటుంది. కాని ఆ గాడి ఆవలికి తెగదు, కొద్దిగా చెక్క మిగిలి ఉంటుంది. లోపలి ఒత్తిడిని ఆపడానికి ఆ మిగిలిన చెక్క చాలు. సుత్తి దెబ్బకు మాత్రం అది చాలదు.

ఇక కుళాయి సంగతి. దాని తోక కొసన సన్నగా, పోనుపోను లావుగా ఉంటుంది. ఆ కొసను బిళ్ళ నడుమ ఆనించి, కుళాయి కట్టి ఉన్నదో లేదో ఒకటికి రెండుసార్లు చూచుకొని, కొయ్యసుత్తితో గట్టిగా ఒక్కటి వేస్తారు. నడిమి ముక్క తెగి లోపలికి పోతుంది. అదే క్షణాన కుళాయి తోక ఆ దారిలోకి దూరి, లావైన చోట బిగుసుకుపోతుంది. పాత బిరడా పోయింది, కుళాయే కొత్త బిరడా అయింది. రంధ్రం తెరచి ఉన్న సమయం అంటూ లేనే లేదు! నేనేమి చేశాను? ముందు కుళాయి తీసి, తరువాత ఏమి చేయాలా అని ఆలోచించాను. వాళ్ళు తీయడమూ, పెట్టడమూ ఒకే దెబ్బలో చేశారు.

అయితే దానికి ముందు చేయవలసినది ఒకటి ఉన్నది. లోపల వాయువు బిగిసి ఉండగా కింద దెబ్బ వేస్తే, పానీయం ముఖాన చిమ్ముతుంది. అందుకని మొదట నెత్తిమీది షైవ్ నడుమ ఒక సన్నని కొయ్య చీల దిగగొడతారు. ఆ చీలలు రెండు రకాలు. మొదటిది మెత్త చీల. వెదురు వంటి సందులున్న చెక్కతో చేసినది. ఎక్కువైన వాయువు ఆ సందుల్లోంచి మెల్లగా బుసబుసమని పోతుంది. పొంగు తగ్గిన తరువాత దానిని తీసి, సందులు లేని గట్టి చీల పెడతారు. కుళాయి తిప్పి పానీయం పట్టేటప్పుడు గట్టి చీలను తీస్తారు. గాలి లోపలికి పోతుంది. పని కాగానే మళ్ళీ బిగిస్తారు. నూనె డబ్బాకు రెండో బొక్క ఏదో, పీపాకు ఈ చీల అదే. ముందు గాలి సంగతి, తరువాత కుళాయి సంగతి. ఏడో తరగతి అమ్మాయి నాకు చెప్పినదీ ఇదే గదా!

ఇంత చక్కని ఏర్పాటులో లోపాలు లేవా? ఉన్నవి. తెగిన ముక్క పీపాలోనే ఉండిపోతుంది. పీపా కడిగేటప్పుడు దానిని ఏరి తీయాలి. బిళ్ళమీద మురికి ఉంటే అదీ లోపలికే పోతుంది. అందుకని ముందు దానిని శుభ్రంగా తోమాలి. ఒకసారి తెగిన బిరడా మళ్ళీ పనికిరాదు. దెబ్బ వంకరగా పడితే కుళాయి పక్కనుంచి కారుతుంది. పైగా చీల తీసినప్పుడల్లా లోపలికి పోయే గాలి, మిగిలిన పానీయాన్ని కొద్ది రోజుల్లో పాడు చేస్తుంది. కొయ్యకు బదులు ప్లాస్టిక్ బిరడాలు వచ్చినా వీటిలో చాలా లోపాలు అట్లాగే ఉన్నవి.

మంచి పనివాడు లోపం కనిపించినప్పుడు బిరడాను ఇంకొంచెం గట్టిగా చేద్దామనుకొని ఊరుకోడు. అసలు తోసే బలాన్నే మన వైపు తిప్పుకోలేమా అని ఆలోచిస్తాడు. బయటినుంచి పెట్టిన బిరడాను లోపలి వాయువు బయటికి తోస్తుంది. అదే బిరడాను లోపలినుంచి పెడితే? వాయువు ఎంత తోస్తే అది అంత బిగుసుకుంటుంది!

ఈ ఆలోచనతో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు 1872లో ఒక సీసాకు పేటెంటు పొందాడు. సీసా మెడలో ఒక గాజు గోళీ, మూతి లోపల ఒక రబ్బరు ఉంగరం. సీసాను తలకిందులు చేసి నింపుతారు. గోళీ మూతివైపు జారుతుంది. వాయువు దానిని రబ్బరుకు అదిమి పట్టి ఉంచుతుంది. ఏమిటో గుర్తు పట్టారా? మన గోళీ సోడా! "కియ్యి"మని గోళీ నొక్కి మీకు సోడా ఇచ్చే బండివాడి చేతిలో ఉన్నది ఆ కాడ్ గారి ఆలోచనే. దొంగను పట్టి వాడినే కావలివాడిగా పెట్టినట్లు, పారిపోదామని తోసే వాయువే తలుపు మూసి కాపలా కాస్తున్నది.

బీరు పీపాలకూ ఇటువంటి తలుపు వచ్చింది. కెగ్ అనే లోహపు పీపాకు పైన ఒకటే రంధ్రం. దానిలో స్ప్రింగుతో పనిచేసే తలుపు ఉంటుంది. స్ప్రింగూ, లోపలి వాయువూ కలిసి దానిని లోపలినుంచి మూసి ఉంచుతవి. ఆ తలుపునుంచి ఒక గొట్టం పీపా అడుగుదాకా దిగి ఉంటుంది. పైన ఒక తల బిగించి నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఒక దారిన బొగ్గుపులుసు వాయువు లోపలికి వెళ్ళి నొక్కుతుంది, గొట్టం దారిన పానీయం పైకి వస్తుంది. తల తీస్తే తలుపు దానంతట అదే మూసుకుంటుంది. సుత్తి లేదు, తెగే ముక్క లేదు, పాడు చేసే గాలి లేదు. వాయువు పోవడానికి ఒక దారి, పానీయం రావడానికి ఒక దారి ఉండాలన్న పాత నియమం మాత్రం మారలేదు. నూనె డబ్బా రెండు బొక్కలూ ఇక్కడ ఒకే రంధ్రంలో ఇమిడిపోయినవి.

ఇక మీ వంతు. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి తీసుకోండి. అడుగుకు దగ్గరగా సన్నని మేకు పట్టేంత చిన్న రంధ్రం ఒకటి పెద్దవారిచేత వేయించండి. రంధ్రం వేలితో మూసి, సీసా నిండా నీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించండి. వేలు తీయండి. నీళ్ళు ఆగిపోతవి. సీసాను మాత్రం పిసకకండి. పిసికితే నీళ్ళు వస్తవి. ఇప్పుడు మూత కొద్దిగా వదులు చేయండి. ధార కడుతుంది. మళ్ళీ బిగించండి, ఆగుతుంది. కింది నీటిని పైనుంచి ఏలుతున్నారన్నమాట. మూతే మీ గట్టి చీల.

ఈ నెల ప్రశ్న: గోళీ సోడా తాగేటప్పుడు సీసా వంచుతారు గదా, గోళీ మళ్ళీ మూతికి అడ్డం పడకుండా ఏది ఆపుతుంది? సీసా మెడను శ్రద్ధగా చూడండి. ఏ పక్కకు తిప్పి పట్టుకొంటే నీళ్ళు వస్తవో, ఏ పక్కకు పట్టుకొంటే ఆగుతవో చూచి, బొమ్మ గీసి పంపండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. మరునాడు గాలి ఒత్తిడి పాఠం ఆమెచేతనే చెప్పించాను. ఆమె కొట్టునుంచి ఖాళీ నూనె డబ్బా తెచ్చింది. నేను బల్లమీద కూర్చుని విన్నాను. పాఠం కాగానే లేచి, "నిన్న ఈ అమ్మాయి మాట వినకపోవడం నా తప్పు" అని తరగతి ముందు చెప్పాను. ఆ సాయంకాలమే మా డ్రమ్ము మూతకు సన్నని రంధ్రం ఒకటి వేయించి, దుమ్ము పడకుండా పలచని గుడ్డ కట్టాము. ఆ తరువాత నేను ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఆగలేదు. వరుసలో నిలబడ్డ పిల్లలెవరైనా "మాస్టారూ" అంటే, ఏమిటో విన్న తరువాతనే జవాబు చెప్పేవాణ్ణి.